ఎండను దాచుకునే ఇల్లు

పిల్లలూ,

ఎండకాలంలో ఎప్పుడైనా డాబామీద పడుకున్నారా? పొద్దుగూకి ఎంతసేపయినా గచ్చు వెచ్చగానే ఉంటుంది. నాలుగు బిందెల నీళ్లు చల్లితేగాని పక్క వెయ్యనివ్వదు. పగలంతా తాగిన ఎండను అది రాత్రి మెల్లమెల్లగా విడిచిపెడుతుందన్నమాట. మనకు ఇది బాధ. ఇదే గుణం లడాఖువారికి వరమయింది. ఎట్లాగో చెపుతాను.

లడాఖు మన దేశానికి ఉత్తరపు కొసన ఉన్నది. అక్కడి లే పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తు. చలికాలపు రాత్రులలో వేడి సున్నాకు 15 డిగ్రీలు దిగువకు పోవటం మామూలే. చెట్లు తక్కువ, కట్టెలకు కరువు. పిడకల పొయ్యిచుట్టూ, పొగలో దగ్గుకుంటూ ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చేరేవారు. అయితే ఆకాశం మాత్రం నిర్మలం. చలిరోజుల్లోకూడా ఎండ చక్కగా కాస్తుంది.

1988లో కొందరు లడాఖు యువకులు విద్యాభివృద్ధికోసం ‘సెక్మాల్’ అనే సంస్థ పెట్టారు. వారిలో ఇంజనీరింగు చదివిన సోనం వాంగ్‌చుక్ ఒకరు. అప్పట్లో అక్కడి పిల్లలకు పాఠాలు తమది కాని భాషలో చెప్పేవారు. పదో తరగతిలో చాలామంది తప్పేవారు. అటువంటి పిల్లలను చేరదీసి, లే దగ్గర ఫే గ్రామంలో వాళ్లచేతనే బడి కట్టించారు. పారలు పట్టినవాళ్లు, దూలాలు మోసినవాళ్లు ఆ పిల్లలే!

ఆ బడి కట్టిన తీరు చూడండి. పొడుగువైపు గోడ దక్షిణానికి తిప్పి, దానికి పెద్దపెద్ద అద్దాలు పెట్టారు. ఉత్తరపు గోడకు మట్టికట్ట ఆనించారు. చలిగాలి అటునుంచి చొరబడదు. గోడలు మట్టివే. చెక్కల నడుమ తడిమట్టి పోసి, దిమ్మిసలతో గట్టిగా కుదించారు. పైకప్పుకు పాప్లారు దూలాలు వేసి, అడ్డంగా విల్లో కొమ్మలు పరచి, ఆపైన మట్టి కప్పారు. రాయలసీమలో దూలాలూ దంతెలూ ఉన్న మట్టిమిద్దె చూచినవారికి ఇది కొత్తగా తోచదు.

పగలు అద్దాలగుండా ఎండ లోపలికి వస్తుంది. లావాటి గోడలూ, నేలా ఆ వేడిని తాగుతాయి. రాత్రి మన డాబా చేసే పనే అవీ చేస్తాయి. బయట సున్నాకు 15 డిగ్రీలు దిగువన ఉన్నా, లోపల పొయ్యి లేకుండానే సుమారు 14 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది.

మరి వేసవిలో ఉడికిపోరా అని మీరు అడగవచ్చు. డిసెంబరు మధ్యాహ్నం లేలో సూర్యుడు 32 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాడు. ఆ ఏటవాలు ఎండ గది లోలోపలికి పోతుంది. జూనులో 79 డిగ్రీలకు, అంటే దాదాపు నడినెత్తికి వస్తాడు. అప్పుడు దక్షిణపు అద్దంమీద పడే ఎండ తక్కువ. పైగా చూరు అడ్డం వస్తుంది.

ఇది మీరే పరీక్షించవచ్చు. ఒక అట్టపెట్టెకు ఒకవైపు కిటికీ కోసి, పైన అట్టముక్కతో చూరు పెట్టండి. కిటికీని దక్షిణానికి తిప్పి, మిట్టమధ్యాహ్నం ఎండ లోపల ఎంతదూరం పడిందో పెన్సిలుతో గీత గియ్యండి. నెలకొకసారి ఇట్లా గీస్తూ, పక్కన తేదీ వెయ్యండి. సూర్యునివంక మాత్రం నేరుగా చూడకండి. మన ఊళ్లలో ఇంటిలోకి ఎండ రాకుండా చేసుకోవాలి గనుక, చూరు ఎంత పొడుగుంటే మేలో ఆ గీతలే చెపుతాయి.

ఆ బడి భవనానికి 2016లో, ఫ్రాన్సులోని లియాన్ నగరంలో, మట్టి కట్టడాలకిచ్చే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. పరీక్ష తప్పిన పిల్లల చేతులు ఎత్తిన గోడలవి! నేనూ నా కాలంలో మార్కుల పట్టీ చూచే పిల్లవాడి విలువ కట్టాను. అది పొరపాటని ఆ గోడలు నాకు నేర్పాయి. తల్లిదండ్రులుకూడా ఈ మాట ఒకసారి ఆలోచించాలి.

పెట్టె మొదటి గీత ఈ ఆదివారమే గియ్యండి మరి!