గాలపు ధ్యానం, కొంగజపం: వినోదానికై చేసే చేపలవేటపై ఒక విచారణ



చెరువు అంచున ఒంటికాలిపై నిలిచి, రెప్ప వేయక, నీటినే చూచే కొంగను మన పెద్దలు తపస్వి అనలేదు. ఆ నిశ్చలత్వానికి 'కొంగజపం' అని పేరు పెట్టి దంభానికి ఉపమానం చేశారు. ఏకాగ్రత కనిపించిన ప్రతిచోటా ధ్యానం ఉన్నదని భ్రమించరాదన్న హెచ్చరిక ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. చేపలవేటను కొందరు మనశ్శాంతినిచ్చే వినోదమని, మరికొందరు నైపుణ్యానికి పరీక్ష అయిన క్రీడ అని కీర్తిస్తున్న ఈ కాలంలో ఆ హెచ్చరికను సాధకులు మరల స్మరించుకోవలసి ఉన్నది.

ఓరుగల్లు సీమ చెరువుల సీమ. కాకతీయుల పాలనలో దేవాలయమూ తటాకమూ జంటగా వెలిశాయి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన రామప్ప దేవాలయానికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవం లభించింది. ఆ ఆలయ సమీపంలోని చెరువు నేటికీ పొలాలకు నీరందిస్తున్నది. పాఖాల, లక్నవరం ఆ యుగపు దానాలే. నగరంలోనే అమ్మవారి సన్నిధిలో భద్రకాళి చెరువు, ఆవల వడ్డేపల్లి చెరువు ఉన్నాయి. ఇట్టి జలాల ఒడ్డున గాలపు కర్ర పట్టి కూర్చోవడం నేడు విశ్రాంతికి ఒక మార్గమైంది. చేతిలోని ఫోన్ తెరిస్తే పెద్ద చేపను పట్టి, తూచి, గెలిచినవారి దృశ్యాలకు కొదవ లేదు. "పోటీలో అహంకారం ఉన్నది, కాబట్టి దోషమే. ఊరికే ప్రశాంతంగా కూర్చుని పట్టడంలో దోషమేమున్నది?" అన్న ప్రశ్న భక్తులలోనూ వినిపిస్తుంది. ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ విచారణ చేపలు పట్టి జీవించే కుటుంబాలను గురించినది కాదు. ముదిరాజులు, గంగపుత్రులు, బెస్తవారు తరతరాలుగా ఈ చెరువులతో బ్రతుకుతున్నారు. మత్స్యసహకార సంఘాలుగా ఏర్పడి చెరువులపై హక్కు పొంది, చేపపిల్లలను వదిలి, పెంచి, పట్టి అమ్ముకొంటున్నారు. వాన కురిసి చెరువు నిండి మత్తడి దూకితే ఆ ఏటికి వారి ఇంట అన్నం ఉన్నట్లు. యోగసూత్రాలకు వ్యాసభాష్యం అహింసను వివరిస్తూ, పరిమితమైన అహింసకు తొలి ఉదాహరణగా మత్స్యకారునే గ్రహించింది. చేపల విషయంలో తప్ప మరెక్కడా హింస చేయనివాని అహింస జాతిచేత పరిమితమైనదని భాష్యకారుని వివరణ. అది మహావ్రతం కాదు. అయినా అతని అహింసకు హద్దు ఉన్నది, ఆ హద్దును గీసినది జీవనావసరం. మహాభారతంలో కౌశికుడనే తపస్వికి ధర్మాన్ని బోధించినవాడు మిథిలా నగరంలో మాంసం అమ్ముకొనే ధర్మవ్యాధుడు. అట్టివానిని చిన్నచూపు చూచే అధికారం మనకు లేదు. ప్రశ్న అంతా ఆకలి లేని చేతిలోని గాలాన్ని గురించినది.

వినోదపక్షం వాదాన్ని దాని ఉత్తమరూపంలోనే విందాం. ఆంగ్లదేశంలో ఐజాక్ వాల్టన్ 1653లో గాలంతో చేపలు పట్టడంపై రచించిన గ్రంథానికి 'ధ్యానశీలుని వినోదం' అన్న అర్థమిచ్చే ఉపశీర్షిక పెట్టాడు. మన సంప్రదాయంలోనూ దీనికి సాక్ష్యం లేకపోలేదు. శ్రీరామకృష్ణ పరమహంస చెప్పిన కథ ఒకటి ప్రసిద్ధం. గాలం వేసి కూర్చున్న ఒకనిని అవధూత దారి అడుగుతాడు. ఆ క్షణంలో బెండు కదులుతున్నది. చేప ఎరను తాకుతున్నది. అతడు ప్రశ్నను వినిపించుకోడు. చేప చిక్కిన తరువాతనే వెనుదిరిగి "ఏమడిగితిరి?" అంటాడు. ఇష్టదైవంపై తన మనస్సు ఇట్లే నిలవాలని అవధూత అతనికి నమస్కరించి గురువుగా స్వీకరిస్తాడు.

ఇది గొప్ప కథ. కాని అవధూత అక్కడ ఏకాగ్రతను గ్రహించాడు. గాలాన్ని చేతికి తీసుకోలేదు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత పేర్కొన్న ఇరువదినలుగురు గురువులలో పింగళ అనే వేశ్య ఉన్నది, కొండచిలువ ఉన్నది. వారి నుండి ఒక్కొక్క పాఠాన్ని స్వీకరించాడే కాని వారి వృత్తిని స్వీకరించలేదు. ఆ గురువుల వరుసలో చేప కూడా ఉన్నదన్న సంగతిని మరువరాదు. రుచికి లోబడి, ఎరలోని కొక్కెం కానక ప్రాణం కోల్పోయే మీనం జిహ్వాచాపల్యానికి హెచ్చరిక. అంటే గాలపు దారానికి రెండు కొసలలోనూ గురువులే ఉన్నారు. ఈ కొసన ఉన్నవాడు ఏకాగ్రతను నేర్పుతున్నాడు, ఆ కొసన ఉన్న ప్రాణి వైరాగ్యాన్ని నేర్పుతున్నది. ఒక గురువును వినడానికి మరొక గురువును కొక్కేనికి గ్రుచ్చవలసిన పని ఏమున్నది?

ఇక పోటీని చూద్దాం. మనుస్మృతి కామజములైన పది వ్యసనాలను లెక్కించి, వాటిలో వేటను మొదట నిలిపి, వెంటనే పాచికలాటను చెప్పింది. మరొకచోట ప్రాణం లేని వస్తువులతో ఆడే పందేన్ని ద్యూతమని, ప్రాణులతో ఆడే పందేన్ని 'సమాహ్వయం' అని వేరుచేసి, రెండింటినీ నిషేధింపవలసిన బాధ్యతను రాజుపై ఉంచింది. ప్రవేశరుసుము చెల్లించి, చేపను తూచి, బరువును బట్టి బహుమతి పొందే పోటీని శాస్త్రదృష్టితో చూస్తే వేటయూ సమాహ్వయమూ అక్కడ చేయి కలిపినట్లు తోస్తుంది. కౌటిల్యుడు మాత్రం జూదంతో పోల్చినపుడు వేటను కొంత సమర్థించాడు. దానిలో దేహానికి వ్యాయామం, కదిలే లక్ష్యాన్ని ఛేదించే అభ్యాసం ఉన్నాయన్నాడు. అది యుద్ధానికి సిద్ధం కావలసిన రాజును ఉద్దేశించిన మాట. మోక్షాన్ని కోరే గృహస్థుకు ఆ సమర్థన వర్తించదు.

పోటీ ఎంతవరకు దిగజార్చగలదో లోకం చూచింది. అమెరికాలో 1960ల చివర చేపల పోటీలు వ్యవస్థీకృతమై, క్రమంగా పెద్ద వ్యాపారమయ్యాయి. 2022 సెప్టెంబర్ 30న క్లీవ్‌లాండ్ నగరంలో ఈరీ సరస్సు పోటీ ముగిసే వేళ, గెలుపు ఖాయమైన జట్టు చేపలను నిర్వాహకుడు కోసి చూచాడు. వాటి కడుపులో సీసపు గుండ్లు బయటపడ్డాయి. బరువు పెరగడానికి మరొక చేప మాంసపు ముక్కలు కూడా కుక్కారు. దాదాపు 29 వేల డాలర్ల బహుమతి కోసం జరిగిన ఈ మోసం న్యాయస్థానానికి చేరింది. బాధ్యులైన ఇద్దరూ కారాగారవాసం అనుభవించారు. నీటిలోని చేప ఎరను మింగింది, ఒడ్డునున్న మనుష్యుడు బహుమతిని మింగాడు. ఇద్దరికీ కొక్కెం కనబడలేదు. పోటీదారులందరూ ఇట్టివారని అనడం అధర్మం. నియమాలను నిష్ఠగా పాటించేవారే అధికులు. అయినా ప్రాణిని అంకెగా మార్చిన చోట, ఆ అంకెను పెంచాలన్న రజోగుణం ఎక్కడ ఆగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

అయితే వినోదం నిర్దోషమని తేలినట్లేనా? తేలలేదు. పోటీలోని హింస బాహాటంగా ఉన్నది. దానికి గడియారం, తక్కెడ, చప్పట్లు సాక్షులు. వినోదంలోని హింస శాంతి అనే వస్త్రం కప్పుకొని ఉన్నది. "పట్టి మరల నీటిలో విడిచిపెడుతున్నాం కదా" అన్నది ఆ వస్త్రపు అంచు. మత్స్యావతార గాథను బమ్మెర పోతన అష్టమ స్కంధంలో తెనిగించాడు. కృతమాలా నదిలో తర్పణం చేస్తున్న సత్యవ్రతుని దోసిలిలోకి చిన్న చేప ఒకటి వస్తుంది. ఆయన దానిని నీటిలో విడువబోతాడు. అప్పుడు ఆ చేప, పెద్ద చేపలకు నన్ను విడిచివేయవద్దని శరణు కోరుతుంది. కోరకుండానే చేతికి వచ్చిన ప్రాణిని విడవడం కూడా చాలదని, కాపాడవలసి ఉన్నదని ఆ కథ తాత్పర్యం. మనమో కోరి, ఎర చూపి, నోటికి కొక్కెం గ్రుచ్చి పైకి లాగి, ఛాయాచిత్రం తీసికొని విడిచి, దానికి దయ అని పేరు పెడుతున్నాం.

చేపకు నొప్పి ఉండదన్న మాట ఒకటి వినిపిస్తుంది. 2003లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేప ముఖభాగంలో బాధాకారకమైన స్పర్శకు స్పందించే నాడులను గుర్తించారు. ఆ స్పందన మన దుఃఖానుభవం వంటిదేనా అన్న చర్చ శాస్త్రజ్ఞులలో సాగుతూనే ఉన్నది. విడిచిపెట్టే ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని స్విట్జర్లాండ్ జంతుసంరక్షణ నిబంధనలు అనుమతించవు. చర్చ తేలేవరకు సాధకుడు సందేహఫలాన్ని ఎవరికివ్వాలి? తన వినోదానికా, ఎదుటి ప్రాణికా? సర్వభూతాలలో ఒకే ఆత్మను చూడాలన్నవానికి ఈ ప్రశ్న కష్టమైనది కాకూడదు.

పతంజలి ఇంకొక మెట్టు ముందుకు తీసికొనిపోతాడు. స్వయంగా చేసినది, ఇతరులచేత చేయించినది, అనుమోదించినది అని హింస మూడు విధాలు. లోభం, క్రోధం, మోహం దాని మూలాలు. మృదువు, మధ్యమం, తీవ్రం అని దానికి తారతమ్యం ఉన్నది. ఈ లెక్కలో వినోదవేట మృదువు కావచ్చు, పోటీ తీవ్రం కావచ్చు. రెండూ ఒకే పట్టికలో ఉన్నాయి. గాలం ఎన్నడూ ముట్టనివారికి కూడా ఇందులో పాలు ఉన్నది. అట్టి పోటీల దృశ్యాలను రాత్రి ప్రొద్దుపోయేవరకు చూచి ఆనందించేవాడు ఏ వర్గంలోకి వస్తాడో 'అనుమోదితం' అన్న మాట చెబుతున్నది.

ఇంత చెప్పిన తరువాత కూడా ఈ రెండింటి మధ్య ఒక భేదం మిగిలి ఉన్నది, అది చిన్నది కాదు. అనుశాసన పర్వంలో భీష్ముడు చెప్పిన చ్యవనోపాఖ్యానం దానిని తేటపరుస్తుంది. గంగాయమునా సంగమంలో చ్యవన మహర్షి పండ్రెండేండ్లు నీటిలో తపస్సు చేశాడు. చేపలు ఆయనకు చెలిమి అయ్యాయి. ఒకనాడు జాలరులు వల లాగితే చేపలతోపాటు మహర్షి కూడా పైకి వచ్చాడు. వారు భయపడి పాదాలపై పడ్డారు. ఆయన వారిని శపించలేదు. ఇన్నాళ్లు కలిసి బ్రతికిన ఈ చేపలను విడువలేను, వీటితోనే నా ప్రాణమైనా పోవాలి, వీటితోనే నన్ను అమ్మనైనా అమ్మాలి అన్నాడు. నహుష మహారాజు వేలు, లక్షలు, చివరకు రాజ్యమే ఇస్తానన్నా ఆ వెల సరిపోలేదు. గోవు ఒక్కటే తగిన మూల్యమైంది. జాలరులు ఆ గోవును మహర్షికే సమర్పించగా, ఆయన అనుగ్రహంతో చేపలూ జాలరులూ కలిసి స్వర్గానికి వెళ్లారు.

ఈ కథ హృదయం సహవాసం నుండి పుట్టిన స్నేహం. చెరువు ఒడ్డున గంటల తరబడి కూర్చునేవానికి ఆ సహవాసపు బీజం దొరికే అవకాశం ఉన్నది. నీటి వాసన, మబ్బు నీడ, ప్రొద్దు వాలే వేళ పక్షుల రాక అతనికి తెలుస్తాయి. పోటీదారునికి గడియారం ఆ సమయం ఇవ్వదు. అందుచేత పోటీ కంటె వినోదం మేలు. కాని మేలనేది అక్కడే ఆగిపోవడానికి కాదు, ముందుకు సాగడానికి.

సాగే ఉపాయం సులభం. ఒక సాయంకాలం గాలం కొసనున్న కొక్కేన్ని తీసివేసి, దారాన్ని మాత్రమే నీటిలోకి జారవిడిచి కూర్చోండి. చైనావారు తమ ప్రాచీన జ్ఞాని ఒకరు వంపు లేని కొక్కెంతో నదీతీరాన కూర్చున్నాడని నేటికీ చెప్పుకొంటారు. ఆ సాయంకాలం మీ శాంతి నిలిస్తే, అది మొదటి నుండీ చెరువు ఇచ్చిన శాంతి. చేప ఇచ్చినది కాదు. అప్పుడు కొక్కెం అనవసరం. శాంతి నిలవకపోతే, ఇన్నాళ్లు మీరు శాంతి అనుకొన్నది ఆశ అని తేలుతుంది. అదీ లాభమే. పోటీని ఈ పరీక్షకు నిలబెట్టలేము. కొక్కెం తీసివేస్తే పోటీయే లేదు.

గాలం వేసేవారే నదులను, చేపజాతులను కాపాడుతున్నారన్న వాదం ఒకటి ఉన్నది. కావేరీ తీరంలో మహాశీర్ చేపల విషయంలో అందులో నిజం లేకపోలేదు. గాలపు ప్రియుల రాకపోకల వలన దొంగవేటగాండ్లకు కొంత అడ్డు ఏర్పడింది. ఆ ప్రేమను గౌరవించవలసినదే. కాని కావలి కాయడానికి కొక్కెం అక్కరలేదు. లక్నవరం వ్రేలాడే వంతెనపైకి వేలాదిగా యాత్రికులు వస్తున్న ఈ దినాలలో, రేపు ఎవరైనా పర్యాటకం పేరిట కాకతీయుల చెరువులపై వేటపోటీ పెడదామంటే, భక్తులు మర్యాదగా, దృఢంగా వద్దనవలసి ఉన్నది. రాజులు ఆలయం ప్రక్కన తటాకం త్రవ్వించినది భూతతృప్తి కోసం. ఆ నీటిపై తొలి హక్కు పైరుది, దానిలో బ్రతికే ప్రాణులది, దానిపై ఆధారపడిన మత్స్యకారులది.

మృగశిర కార్తె వచ్చినపుడు చేపలు కొని తినే కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. తినేవాడు కనీసం తన అవసరాన్ని దాచుకోడు. తిననివాడు, అమ్ముకోనివాడు, కేవలం ప్రొద్దుపోవడానికి మరొక ప్రాణి కంఠానికి ఎర వేసినపుడే కొంగజపం మొదలవుతుంది. అంతకంటె కొంగయే నయం. దానికి ఆకలి ఉన్నది.