ట్రాక్టరు మరమ్మతు: చూచిన కూలి వేఱు, చేసిన కూలి వేఱు

సొంత ట్రాక్టరు లేని రైతు సయితము నేడు అద్దె ట్రాక్టరుతోనే దున్నించుకొనుచున్నాడు. కావున ఊరిలో నొక ట్రాక్టరు నిలిచిపోయిన యెడల దాని యజమాని యొక్కనికే గాక చుట్టుప్రక్కల పదిమందికిని పని నిలిచిపోవును. అదియు తీరిక దినములలో నిలువదు. కాలువకు నీరు వదలి, నారు ముదురుచు, దమ్ములు సాగుచున్న దినములలోనే నిలుచును. ఏలయన యంత్రముపై బరువు పడునది అప్పుడే. మెకానిక్కు వచ్చి, రెండు మార్లు స్టార్టు చేసి, పొగ చూచి, "ఇంజను పనికి వచ్చినది, దించి లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పవలెను" అని చెప్పి, 80 వేల రూపాయలగునని తేల్చినాడనుకొందము. చేత సొమ్ము లేదు, అప్పు తేవలెను. ఆ మాటను నమ్మవలెనా, వలదా?

ఈ ప్రశ్నకు మన రచ్చబండలపై రెండే జవాబులు వినబడుచుండును. మెకానిక్కులందఱు మోసగాండ్రనునది యొకటి. అతడు మనవాడు, అబద్ధమాడడనునది రెండవది. నా యభిప్రాయమున రెండును ఉపయోగము లేనివి. మన ప్రాంతములలో షెడ్డు పెట్టుకొని బ్రదుకు మెకానిక్కులలో ననేకులు చిన్ననాటనే పానా పట్టి, ఏ పాఠశాలయు నేర్పని విద్యను చెవితోను, వ్రేలికొనలతోను నేర్చినవారు. వారిని దొంగలనుట అన్యాయము. కాని మంచివాడయినంత మాత్రమున అతని తీర్పు సరియైనదని చెప్పరాదు. మంచివాడును పొరపడవచ్చును, దోషమును వెదకుటకంటె అన్ని భాగములను మార్చివేయుటయే క్షేమమని నిజముగనే తలపవచ్చును. కావున మనిషి గుణమును తూచుట మాని, అతనికి కూలి యెట్లు ముట్టుచున్నదో చూడవలెను.

మెకానిక్కు వచ్చి చూచినందుకు మనమిచ్చునదేమి? తఱచుగ నొక గ్లాసెడు టీ. గంటసేపు శ్రమపడి, దోషము 200 రూపాయల డీజిలు గొట్టములో నున్నదని కనిపెట్టిన మెకానిక్కునకు ఆ గొట్టము మార్చిన కూలి తప్ప మఱేమియు దక్కదు. ఇంజను దింపవలెనని చెప్పినవానికి వారము దినముల కూలియు, తఱచుగ విడిభాగముల దుకాణమువారిచ్చు కమీషనును దక్కును. అనగా సరిగ చూచినవానికి నష్టము, పెద్దపని చెప్పినవానికి లాభము కలుగునట్లు ఏర్పాటు చేసినది మనమే. ధాన్యమును కొనువాని కాటాతోనే తూచరాదని మన రైతులకు ఎవరును క్రొత్తగ చెప్ప నక్కఱలేదు. ఇక్కడ మాత్రము తూచువాడును, అమ్మువాడును ఒక్కడే యైనను మనము ఊరకున్నాము.

ఈ చిక్కు మన పల్లెలకు మాత్రమే సంబంధించినది కాదు. అమెరికాలో సియర్స్ అను పెద్ద వ్యాపారసంస్థకు కార్లు మరమ్మతు చేయు శాలలు అనేకములుండెడివి. అక్కఱలేని మరమ్మతులను చేయుచున్నారని 1992లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వమువారు ఆ శాలలపై అభియోగము తెచ్చిరి. ప్రభుత్వపు మనుష్యులే సామాన్య ప్రజలవలె కార్లను తీసికొనిపోయి పరీక్షించిరి. తేలిన సంగతి యేమనగా, అచ్చటి పనివారికి ఎంత మరమ్మతు అమ్మిన అంత ప్రతిఫలమను పద్ధతియు, ఇన్ని భాగములు అమ్మవలెనను లెక్కయు నుండెను. ఆ పద్ధతియే తప్పులకు దారితీసినదని సంస్థ అధ్యక్షుడే బహిరంగముగ నొప్పుకొని దానిని మార్పించెను. అంతకు ముందే 1973లో డార్బీ, కర్నీ అను నిరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఇట్టి పనులను గూర్చి చర్చించుచు, కొనువాడు కొనిన పిమ్మట సయితము తనకది యవసరమో కాదో తెలిసికొనలేని సరకులు కొన్ని కలవని చూపిరి. ఎంత నిజము! 80 వేలు పెట్టిన తరువాత ట్రాక్టరు చక్కగ నడచును. 800 రూపాయలతో నడచియుండెడిదేమో యను సంగతి యిక నెన్నటికిని తెలియదు.

కావున నేను చెప్పదలచిన దొక్కటే: చూచిన కూలి వేఱుగను, చేసిన కూలి వేఱుగను ఉండవలెను. "మేస్త్రిగారూ, చూచినందుకు 1,000 రూపాయలిచ్చెదను, దోషము చిన్నదైనను, పెద్దదైనను అంతే. పని ఎవరిచేత చేయించునది తరువాత చెప్పెదను. ఇంజను విప్పకముందు నాకు ఆధారము చూపుడు" అని మొదటనే మాటాడుకొనవలెను. పనితనము గల మెకానిక్కునకు దీనివలన అవమానము లేదు. అతని విద్యకు ఇన్నాళ్లకు వెల కట్టినట్లగును. చూపుటకు నిరాకరించి, "నామీద నమ్మకము లేదా" యని కోపగించినవానికి మాత్రము ఆ దినమున పని యొప్పగింపకుండుట మేలు.

ఆధారమనగా నేమి? నల్లని పొగ వచ్చుచు బలము తగ్గినచో మొదట గాలి వడపోతను విప్పి చూడవలెను. దుమ్ములో తిరిగిన ట్రాక్టరునకు వడపోత పూడి, గాలి చాలక డీజిలు సరిగ కాలదు. నాజిళ్లు చెడినను ఇట్లే యగును. వీనికి ఇంజను దింప నక్కఱలేదు. చల్లని ఉదయమున తెల్లని పొగ కొంతసేపు వచ్చి ఆగిన భయము లేదు. ఆగక వచ్చుచు, రేడియేటరులో నీరు తఱుగుచున్నచో హెడ్డు గాస్కెట్టును అనుమానింపవచ్చును. నీలిపొగ ఇంజనాయిలు కాలుచున్నదనుటకు గుఱుతు. రింగులు అఱిగినవను మాటకు బలమిచ్చునది ఇదియే. కాని ఆయిలు వాల్వు గైడ్లనుండి దిగియు కాలవచ్చును. అందుచేత పొగ రంగొక్కటియే చాలదు. ఇంజను మెల్లగ నడచుచుండగా ఆయిలు పోయు మూతను వదులుచేసి చూడుడు. అచ్చటనుండి పొగ బలముగ ఉబికి కొట్టుచున్నచో రింగులను దాటి గాలి క్రిందికి దిగుచున్నదని యర్థము. గంటల మీటరు అంకెను, పోసిన ఆయిలును నోటుపుస్తకములో వ్రాసియుంచుకొన్న రైతును ఏ మెకానిక్కును ఊరక పెద్దపనికి ఒప్పింపలేడు. వ్రాయనివానికి చెప్పిన మాటయే శరణ్యము.

వీనికన్నింటికిని మించిన సాక్షి కంప్రెషను గేజి. నాజిలును ఊడదీసి ఆ రంధ్రమున గేజిని బిగించి, ఇంజనును స్టార్టరుతో త్రిప్పినచో ఒక్కొక్క సిలిండరు పుట్టించు ఒత్తిడి అంకెలలో కనబడును. అన్ని సిలిండర్లును కంపెనీవారి పుస్తకములోని హద్దుకు దిగువనున్న మెకానిక్కు చెప్పినది నిజము కావచ్చును. ఒక్కటి మాత్రమే తగ్గియున్నచో వాల్వునో, గాస్కెట్టునో ముందు చూడవలెను. అంతకంటె ముందు టాపెట్ల సందు సరిచేసి మఱల కొలువవలెను. ఇంజను వేడెక్కుచున్నదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు రేడియేటరు రెక్కలలో చిక్కుకొన్న ఊకయు, వదులైన ఫ్యాను బెల్టును ఎందఱికో తట్టవు. 50 గుఱ్ఱపు శక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి పొగ నిబంధనలు కఠినమైనవి. వానిలో కంప్యూటరుతో నడచు ఇంజన్లకు మెకానిక్కు తన యంత్రమును తగిలించి దోషపు సంఖ్యను చూపగలడు. దానిని కాగితముపై వ్రాయించుకొనుడు. కారు గలవారికిని ఈ మాట వర్తించును.

అనుమానమే మేలుగాని సందర్భములు కొన్ని కలవు. ఆయిలు ఒత్తిడి పడిపోయి ఎఱ్ఱదీపము వెలిగినను, ఇంజను అడుగుభాగమున ఇనుము కొట్టుకొను చప్పుడు వచ్చినను, ఆయిలు పాలు కలిసినట్లు తెల్లబడినను ఆ క్షణమే ఆపవలెను. ఇంకొక ఎకరము దున్ని చూచెదమన్నచో బేరింగులతో పోవునది క్రాంకు షాఫ్టు వఱకు పోవును. బ్రేకులు, స్టీరింగు విషయమున బేరము కూడ పనికిరాదు. తక్కిన వానిలో తొందర యంతగ లేదు. కొంత నీలిపొగ విడుచుచు, ఆయిలు త్రాగుచున్నను ఒత్తిడి నిలిచియున్న ఇంజను, రోజు రోజు ఆయిలు చూచి పోయుచు నడపిన యెడల, ఆ దమ్ములు ముగించుట సాధ్యమే. వేసవిలో తీరికగ చేయించిన పనికిని, నారు ముదురుచుండగా చేయించిన పనికిని ధరలో తేడా కలదు. చేసిన తీరులోను కలదు.

రెండవ మెకానిక్కునకు చూపుట మంచిదే. అయితే మొదటివాడు చెప్పినదానిని అతనికి చెప్పరాదు. చెప్పిన తక్షణము అతడు ట్రాక్టరును చూచుట మాని మొదటివానిని చూచును. ఇదంతయు ఇంజను విప్పకముందే జరుగవలెను. విప్పి భాగములు గోనెసంచిలో పడిన తరువాత ట్రాక్టరును మఱియొక షెడ్డుకు తీసికొనిపోవుట యెట్లు? అందుచేత విప్పి చూచుటకు ఇంత, పని చేయుటకు ఇంత యని వేఱువేఱుగ కాగితముపై వ్రాయించుకొనవలెను. లైనర్లు అఱిగినవన్నచో బోరు గేజితో కొలిపించి, ఆ కొలతను కంపెనీ హద్దు ప్రక్కన వ్రాయించవలెను. తీసిన పాతభాగములన్నియు మనకే ఇచ్చివేయవలెనని ముందే చెప్పవలెను. క్రొత్తభాగముల పెట్టెలను, బిల్లును దాచుకొనవలెను; పేరుగల కంపెనీ పెట్టెలో నకిలీ సరకు వచ్చుట ఎఱుగనిది కాదు.

తగవు వచ్చినచో ఈ కాగితములే సాక్ష్యము. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము మరమ్మతు సేవకును వర్తించును. స్వయముగ పని చేసికొని జీవనోపాధికి మాత్రమే వాడుకొనువానిని ఆ చట్టము వ్యాపారిగ ఎంచదు. విత్తనముల వ్యవహారమున రైతు వినియోగదారుడేయని 2012లో సుప్రీం కోర్టువారు తీర్పు చెప్పియున్నారు. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించని యెడల జిల్లా కమీషనులో దాఖలు రుసుము లేదు. రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేయవలెను. అయినను కచేరీకి పోవుటకంటె ఇంజను విప్పకముందు గేజి చూచుట తక్కువ శ్రమ.

ఇక మన సంఘము మాట. ఒక్కొక్క రైతు కంప్రెషను గేజి కొనలేడు. కొన్నను ఏటికొకసారి గాని దానితో పని యుండదు. సంఘమునకైతే అది భారము కాదు. కంప్రెషను గేజి, నాజిలు పరీక్షించు పంపు, బోరు గేజి, ఈ మూడును సంఘ కార్యాలయమున నుంచి, చేయి తిరిగిన మెకానిక్కు నొకనిని పరీక్షకు మాత్రమే నియమించవలెను. అతడు సభ్యుల ట్రాక్టర్లను చూచి అంకెలు వ్రాసి యిచ్చును గాని మరమ్మతు చేయరాదు. ఏ షెడ్డునకు పొమ్మనియు చెప్పరాదు. అతడు మాత్రము షెడ్లవారితో కలియడాయని కొందఱడుగుదురు. కలియవచ్చును. అందుకే ప్రతి పరీక్షలోని అంకెలను సంఘపు రిజిస్టరులో నెక్కించి, తరువాత ఇంజను విప్పినప్పుడు కనబడిన కొలతలను దాని ప్రక్కనే వ్రాయవలెను. ఏడాది గడచునప్పటికి ఎవరి మాట యెంతవఱకు నిలిచినదో ఆ పుటలే చెప్పును. దోషము లేదని తేలిన ట్రాక్టరునకు సయితము పరీక్షరుసుము వసూలు చేయవలెను. లేనిచో మఱల పాత పద్ధతియే వచ్చును.

ఈ ప్రతిపాదనను రాబోవు మహాజనసభ కార్యక్రమమున చేర్పించుటకు సభ్యుల సంతకములు కావలెను. గేజీల వెలలను ఇద్దఱు, ముగ్గురు దుకాణదారులనుండి తెప్పించి సభ ముందుంచవలసినదిగ కార్యదర్శిగారిని కోరుచున్నాను. సార్వా దమ్ములకు ముందే నిర్ణయమైన యెడల ఈ యేటి పనులకే అందివచ్చును.