కొత్తిమీరను పూయనివ్వాలి

నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్ల బాల్కనీ కుండీల్లో పేనుబంక కనిపిస్తే కావలసింది పురుగుమందు కాదు, పూసిన కొత్తిమీర. పేనుబంక రసం పీల్చిన మొక్క మిథైల్ శాలిసిలేట్ వంటి వాసనలు వెలువరిస్తుంది. అవి అక్షింతల పురుగులకూ, అల్లిక రెక్కల పురుగులకూ ఆహారం జాడ చెబుతాయి. వాసనకు వచ్చిన పురుగులను నిలిపేది పువ్వు. కొత్తిమీర, సోంపు గొడుగు పూలలో తేనె పైపైనే ఉంటుంది కనుక పొట్టి నోటి సిర్ఫిడ్ ఈగలకూ అందుతుంది. అవి పేనుబంక గుంపుల దగ్గర గుడ్లు పెడితే, గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులు పేనుబంకను తినేస్తాయి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ప్రచారం చేసే పర్యావరణ ఇంజినీరింగ్ సారం ఇదే. మందు కొడితే ఈ మిత్రపురుగులూ చస్తాయి. అందుకే ప్రతి బాల్కనీలో ఒక్క కుండీ కొత్తిమీరనైనా కోయకుండా పూతకు వదలాలి. అలాగే తులసి పూల వెన్నులు కొన్నింటిని కూడా తుంచకుండా ఉంచాలి.