పొగడ్త చాలు, పరీక్ష కావాలి

1937లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి రెండు పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో జనం నడుములు వంగిపోవడానికి, మెడలు బిగుసుకుపోవడానికి తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ఒకటి తేల్చింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మనుషుల్లో గుర్తించి రాసిన తొలి పత్రాల్లో అది ముఖ్యమైనది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. రెండో పత్రం దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలది. దూలగొండి గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశామని వాళ్లు బయోకెమికల్ జర్నల్‌లో ప్రకటించారు.

దూలగొండి అంటే ఏమిటో గిద్దలూరు, మార్కాపురం వైపు అడవి అంచున పశువులు తోలుకెళ్లే వాళ్లకు చెప్పక్కర్లేదు. కాయ నిండా బంగారు రంగు నూగు ఉంటుంది. గాలికి ఒంటి మీద పడినా దద్దుర్లు లేచి గోక్కోలేక చావాలి. ఆ కాయ లోపల నున్నటి గింజలో ఉన్న ఎల్-డోపాయే పార్కిన్‌సన్స్ రోగులకు నేటికీ ప్రధాన ఔషధం. దాన్ని ఎక్కువ మోతాదులో ఇస్తే బిగుసుకుపోయిన మనిషి లేచి నడుస్తాడని అమెరికాలో జార్జ్ కోట్జియాస్ 1960ల చివర్లో రుజువు చేశాడు. ఇవాళ మందుల షాపులో దొరికే మాత్రలో ఉన్నది ఫ్యాక్టరీలో తయారైన ఎల్-డోపా. దానికి తోడుగా, అది మెదడు చేరేలోపే వృథా కాకుండా కాపాడే కార్బిడోపా కూడా అందులో ఉంటుంది. గింజలో ఉన్నది మాత్రగా మారడానికి దశాబ్దాలు పట్టింది. మోతాదు చూడటానికి, దుష్ఫలితాలు లెక్కించడానికి, రోగుల మీద పరీక్షించడానికి అందులో ఏళ్లు పోయాయి.

ఇప్పుడు మన పెరటి, కొండ మొక్కల గురించి అలాంటి ఆశే మరోసారి కలుగుతోంది. నేలవేము, పసుపు, అశ్వగంధ, అందుగు బంక మెదడులోని రోగనిరోధక కణాలను శాంతింపజేస్తాయని ప్రపంచవ్యాప్తంగా పత్రాలు వస్తున్నాయి. ఈ ఆశకు ఆధారం ఉంది. అయితే అది ఎక్కడిదాకా ఉందో, ఎక్కడ ఆగిందో జనానికి చెప్పేవాళ్లే లేరు. ఆ ఖాళీలోకి పొడి ప్యాకెట్లు వచ్చి చేరుతున్నాయి.

మెదడుకు కాపలా ఉండే ఆ కణాల పేరు మైక్రోగ్లియా. స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఓర్తేగా 1919లో వీటిని విడిగా గుర్తించి ఆ పేరు పెట్టాడు. చెత్త ఎత్తిపోయడం, క్రిముల పనిపట్టడం, అక్కర్లేని నాడీ బంధాలను కత్తిరించడం వీటి పని. దెబ్బ తగిలినా, విషం చేరినా ఇవి ఉబ్బి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6, నైట్రిక్ ఆక్సైడ్ వంటి పదార్థాలను వదులుతాయి. ఇదే ఇన్‌ఫ్లమేషన్. రెండు రోజుల్లో సద్దుమణిగితే అది రక్షణ. ఏళ్ల తరబడి సాగితే మాత్రం, దొంగ పోయాక కూడా కర్ర తిప్పుతూ ఇంట్లోవాళ్లనే కొట్టే కావలివాడిలా, ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలను కూడా చంపేస్తుంది. పార్కిన్‌సన్స్‌తో చనిపోయినవారి మెదడులో, జబ్బు సోకిన చోటే ఇలా రెచ్చిపోయిన మైక్రోగ్లియా గుంపులుగా ఉన్నాయని కెనడాలో మెక్‌గీర్ దంపతుల బృందం 1988లో చూపించింది. అల్జీమర్స్‌లోనూ అదే కనిపించింది.

కనిగిరి ప్రాంతానికి ఈ చర్చ దూరపు సంగతి కాదు. పళ్లెంలో పెంచిన మైక్రోగ్లియా కణాలకు ఫ్లోరైడ్ కలిపితే అవి ఒత్తిడికి లోనై హానికర పదార్థాలు వదులుతాయని చైనా పరిశోధకులు చూపించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల తెలివితేటల కొలతలు తక్కువగా ఉండటానికీ, ఆ నీటికీ సంబంధం కనిపిస్తోందని అమెరికా జాతీయ టాక్సికాలజీ సంస్థ 2024 ఆగస్టులో నివేదించింది. తన నిర్ధారణ మీద నమ్మకం మధ్యస్థమేనని ఆ సంస్థే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. పశ్చిమ ప్రకాశంలో ఎన్నో బోర్లలో నీళ్లు ఆ హద్దు దాటినవే. ఇక్కడ పళ్ల మీద గోధుమ రంగు చారలున్న బడిపిల్లలు, ఎముక పెరిగి వెన్నుపామును నొక్కేయడంతో కాళ్లు పట్టు తప్పిన పెద్దలు కొత్త కాదు. ఆ నీళ్లు మెదడు కణాలకు ఏం చేస్తున్నాయన్నది మాత్రం ఇక్కడి జనంలోనే తేల్చాల్సిన ప్రశ్న.

మరి మొక్కలు? ప్రయోగశాలలో వాటి ప్రభావం కంటికే కనిపిస్తుంది. చిట్టెలుక మెదడు నుంచి వచ్చిన బీవీ-2 కణాలను చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో పెంచుతారు. బ్యాక్టీరియా పైపొర నుంచి తీసిన పదార్థాన్ని రవ్వంత కలుపుతారు. మర్నాటికి కణాలు రెచ్చిపోయి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. దానికి గ్రీస్ ద్రావణం చేరిస్తే గుంటలోని నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. ముందే మొక్క సారం వేసిన గుంటలో ఆ గులాబీ వెలిసిపోతుంది. నేలవేముకు చేదునిచ్చే ఆండ్రోగ్రాఫోలైడ్ ఇలా రంగు వెలిసేలా చేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్ జన్యువులను పనిలోకి దించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌లో ఒక నిర్దిష్టమైన చోట అది అతుక్కుని, దాన్ని పనిచేయనివ్వదని 2004లో తేలింది. పసుపులోని కర్‌క్యుమిన్, అశ్వగంధలోని విథాఫెరిన్ కూడా ఆ దారినే అడ్డుకుంటాయి. జ్వరానికి నేలవేము కషాయం తాగించిన మన పెద్దల అనుభవానికి రసాయన శాస్త్రం ఇచ్చిన ఈ బలాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

పళ్లెంలోని కణానికీ, మంచం మీది మనిషికీ మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరాన్ని మొదట కొలిచినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ ఒకరు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో చంద్రశేఖరతో కలిసి ఆమె 1980లో ఎలుకలకు 400 మిల్లీగ్రాముల కర్‌క్యుమిన్ తినిపించారు. గుండె నుంచి తీసిన రక్తంలో దాని జాడే లేదు. పేగు, కాలేయం కలిసి దాన్ని మార్చేస్తున్నాయి. రక్తంలోకే రానిది, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న కట్టుదిట్టమైన గోడ దాటి మైక్రోగ్లియాను ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంతోనే తర్వాతి నలభై ఏళ్లు గడిచాయి. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే మనుషుల్లో కర్‌క్యుమిన్ లభ్యత ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అయినా, అమెరికాలో 36 మంది అల్జీమర్స్ రోగుల మీద 24 వారాలు జరిగిన కర్‌క్యుమిన్ పరీక్షలో మేలు కనిపించలేదని 2012లో తేలింది. ఒంటికి బాగా పట్టే రూపంలో, జబ్బు ఇంకా రాని 40 మంది మీద 18 నెలలు పరీక్షిస్తే, అది తీసుకున్నవారి జ్ఞాపకశక్తి కొంత మెరుగైందని 2018లో మరో బృందం చెప్పింది. ఆశ పోలేదు, అలాగని రుజువూ కాలేదు.

పెద్ద పరీక్ష ఎంత నిక్కచ్చిగా తీర్పు చెబుతుందో గింకో ఆకు కథలో తెలుస్తుంది. మతిమరుపు రాకుండా ఆపుతుందని ప్రపంచమంతా కొనుక్కున్న ఆ మందును అమెరికాలో 75 ఏళ్లు, ఆపైబడిన 3,069 మంది మీద సుమారు ఆరేళ్లు పరీక్షించారు. డిమెన్షియాను అది ఆపలేదని 2008లో తేల్చేశారు. మరోవైపు, విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం 2012లో అల్జీమర్స్ లక్షణాలున్న చిట్టెలుకలకు 30 రోజులు అశ్వగంధ సారం ఇచ్చింది. వాటి జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఎందుకని వెతికితే, ఆ సారం పనిచేసింది కాలేయంలో! మెదడు నుంచి అమిలాయిడ్ చెత్తను బయటికి లాగే ప్రోటీన్ అక్కడ పెరిగింది. మొక్క మేలు చేసిందని చెప్పడంతో ఆగిపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇలాంటి పరీక్షలు మన దగ్గర సాధ్యమా అన్న అనుమానం అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 18 మంది బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చి, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని 2002లో ప్రచురించారు. పులుసులో రోజూ పడే చింతపండే ఇక్కడ మందుగా పరీక్షకు నిలిచింది. విజయవాడకు చెందిన లైలా సంస్థ అందుగు బంక నుంచి తయారుచేసిన సారాన్ని మోకాళ్ల నొప్పులున్న 75 మంది మీద 90 రోజులు పరీక్షించారు. నొప్పి తగ్గిందన్న ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అందుగు నల్లమల ఎండు కొండల మీద పెరిగే చెట్టు. దాని బంకను జర్మనీలో మెదడు కణితికి రేడియేషన్ తీసుకుంటున్న 44 మందికి ఇచ్చి చూశారు. బంక తీసుకున్నవారిలో 60 శాతం మందికి మెదడులో చేరిన నీరు 75 శాతానికి పైగా తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అంత తగ్గినవారు 26 శాతమే. మన చెట్టు బంక మెదడు మీద పనిచేస్తుందో లేదో మనుషుల్లో చూడటానికి 2011 నాటికే జర్మనీ ఆస్పత్రి పూనుకుంది. నల్లమల ఉన్న రాష్ట్రానికి ఆ పట్టుదల ఎందుకు ఉండకూడదు?

పరీక్ష లేని చోట నష్టపోయేది పేదవాడే. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే ఐదింట ఒక వంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా ఉందని 2008లో అమెరికా వైద్య సంఘం పత్రిక రాసింది. సీసం మెదడుకు విషం. మతిమరుపు పోవాలని కొన్న పొడే మెదడును దెబ్బతీస్తే అంతకంటే అన్యాయం ఉండదు. అశ్వగంధ మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నేలవేము మందులతో తీవ్రమైన అలర్జీ రావచ్చని ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. దూలగొండి పొడిని పార్కిన్‌సన్స్ మాత్రలతో కలిపి సొంతంగా వాడితే ఎల్-డోపా మోతాదు ఎంత పడుతుందో చెప్పలేం. తప్పుడు వైద్య ప్రకటనలను అడ్డుకునే చట్టం 1954 నుంచీ ఉంది. ఉన్న చట్టాన్ని అమలు చేయడం ఔషధ నియంత్రణ అధికారుల బాధ్యత.

ఏం చేయాలన్నది చెప్పడం కష్టమేమీ కాదు. మొట్టమొదట నీళ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిస్తూ ఏ ఆకు రసం పట్టినా ఫలితం ఉండదు. నల్లమల కింద సొరంగాల ద్వారా శ్రీశైలం జలాలను తెచ్చి ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లోని 30 మండలాల దాహం తీర్చాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. రెండో సొరంగం తవ్వకం పూర్తయ్యేసరికి 2024 జనవరి వచ్చింది. శంకుస్థాపన నాడు బడిలో చేరిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు.

రెండోది పరిశోధన. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన కనిగిరి పల్లెల్లోనూ, నాగార్జున సాగర్ నీళ్లు అందే పల్లెల్లోనూ ఒకే వయసు వారి జ్ఞాపకశక్తిని, రక్తంలోని ఇన్‌ఫ్లమేషన్ గుర్తులను ఏళ్ల తరబడి పోల్చి చూసే అధ్యయనం మొదలుపెట్టాలి. ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల, జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బోడుప్పల్‌లోని ఔషధ మొక్కల పరిశోధన కేంద్రం సీమాప్ చేతులు కలిపితే చాలు, ఇందుకు కావాల్సిన నైపుణ్యం రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉంది. శుద్ధి చేసిన నేలవేము, అందుగు సారాలను ముందు భద్రత కోసం, తర్వాత ఫలితం కోసం, ఉత్తుత్తి మాత్రతో పోల్చి పరీక్షించాలి. ఫలితం వ్యతిరేకంగా వచ్చినా అచ్చు వేయాలి.

మూడోది వాటా. ఈ చెట్ల జాడ తెలిసినవాళ్లు నల్లమల చెంచులు. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో జీవని అనే మందు తయారైనప్పుడు, 1995లో లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం వాళ్లకే దక్కేలా తిరువనంతపురంలోని పరిశోధన సంస్థ ఏర్పాటు చేసింది. ఇలాంటి వాటా గురించి చెప్పే జీవవైవిధ్య చట్టం మనకు 2002లో వచ్చింది. కాబట్టి ఇక్కడ పరిశోధన మొదలయ్యే రోజునే చెంచుల వాటా కాగితం మీదికి రావాలి. బంక కిలోకు ఇచ్చే కూలితో సరిపెట్టడం కుదరదు.

ఇంట్లో పెద్దవాళ్లకు మతిమరుపు మొదలైతే ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపం వల్లో, బీ12 విటమిన్ తక్కువవడం వల్లో వచ్చిన మతిమరుపు మామూలు మందులతో తగ్గవచ్చు. ఏదైనా ఆకు పొడి వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. జ్ఞాపకశక్తి గ్యారంటీ అని రాసిన ప్యాకెట్ కొనకండి. ఓట్లడగడానికి వచ్చినవారిని రెండు మాటలు గట్టిగా అడగండి: మా ఊరికి కృష్ణా నీళ్లు ఏ నెలలో వస్తాయి? మా కొండ మీది మొక్కల పరీక్షకు బడ్జెట్‌లో ఎంత పెట్టారు?