తేనెటీగే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు

దేవరుప్పుల: తాటిచెట్లెక్కే గీత కార్మికులకు తేనెటీగలు, కందిరీగలు కుట్టడం కొత్త కాదు. చాలామందికి వాపు, మంట వాటంతటవే తగ్గిపోతాయి. అయితే కొందరి శరీరం ఒక్క ఈగ విషానికే విపరీతంగా స్పందిస్తుంది. వైద్య పరిభాషలో దీనిని అనాఫిలాక్సిస్ అంటారు.

కుట్టినది చేతిపైనే అయినా ఒళ్లంతా దద్దుర్లు లేవడం, పెదవులు, నాలుక ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసంతో పిల్లికూతలు, వాంతులు, కళ్లు తిరగడం ప్రమాద సూచికలు. ఇవి సాధారణంగా నిమిషాల్లోనే మొదలవుతాయి. దద్దుర్లు లేకుండానే రక్తపోటు పడిపోవచ్చు. అప్పుడు వడదెబ్బ అనో, భయంతో సొమ్మసిల్లాడనో పొరబడే అవకాశముంది.

పల్లెల్లో తరచుగా ముందు వేసేది ఏవిల్ సూది. అది దురదను తగ్గించగలదే తప్ప, మూసుకుపోతున్న శ్వాసమార్గాన్ని తెరవలేదు. ప్రాణం నిలిపేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్. పెద్దలకు 0.5 మిల్లీగ్రాములు ఇస్తారు. గుణం కనిపించకుంటే 5 నిమిషాలకు మళ్లీ ఇస్తారు. ఖరీదైన మందేమీ కాదు, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండవలసినదే. రాత్రివేళ, సెలవు రోజున అది చేతికందుతుందా అన్నదే అసలు ప్రశ్న.

వెంటనే 108కు ఫోన్ చేసి, బాధితుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఆయాసం ఎక్కువైతే కూర్చోబెట్టవచ్చు. నడిపించడం మాత్రం ప్రమాదకరం.

2024లో ప్రభుత్వం ప్రారంభించిన కాటమయ్య రక్ష కిట్లు చెట్టుపైనుంచి పడిపోకుండా కాపాడేందుకు ఉద్దేశించినవి. ఆ శిక్షణలోనే ఈ లక్షణాలనూ చెప్పడం కష్టమేమీ కాదు. కోలుకున్న కొన్ని గంటలకు లక్షణాలు తిరగబెట్టవచ్చు గనుక, వెంటనే ఇంటికి వెళ్లకుండా ఆసుపత్రిలో పరిశీలనలో ఉండాలి.