పిల్లలకు ఎండ కాపుదల



వేసవి సెలవుల్లో పిల్లలకు ఒక గుర్తు నేర్పండి: తమ నీడ తమకంటె పొట్టిగా ఉన్నంతసేపు ఎండ తీవ్రమైనదే. ఆ వేళ ఆటలు చెట్టు క్రిందనే.

పొలానికి తీసుకువెళ్ళక తప్పనప్పుడు ఒత్తుగా నేసిన పొడుగు చేతుల చొక్కా, చెవులను, మెడను కప్పే తలగుడ్డ వేయండి. ఇదే మొదటి రక్షణ. పౌడరు, కొబ్బరినూనె ఎండను ఆపలేవు.

క్రీము కొంటే ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించినది చూడండి. బయలుదేరడానికి 15 నిమిషాల ముందు దండిగా రాయండి. 2 గంటలకొకసారి, నీళ్ళలో తడిసినా, మళ్ళీ రాయండి. 6 నెలలలోపు బిడ్డను నీడలోనే ఉంచండి.

క్రీము చర్మాన్నే కాపాడుతుంది, వడదెబ్బను ఆపదు. తరచుగా మంచినీళ్ళు త్రాగించండి. ఒళ్ళు కాలిపోతూ బిడ్డ మగతగా ఉంటే, తడిగుడ్డతో తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.