వాణిశ్రీ కొప్పూ, రెజ్యూమెలో గ్యాపూ

మా నెల్లూరోళ్లని కదిపితే ఊరి గొప్పలు ఒక వరసలో వస్తాయి. చేపల పులుసు, మొలగొలుకులు, మైపాడు బీచి, బాలు గారు, రమణారెడ్డి. ఇంకాస్త ఓపికుంటే కావలి రాజనాల. వాణిశ్రీ పేరు రావాలంటే మాత్రం మనమే గుర్తుచెయ్యాలి. గుర్తుచేస్తే "ఔను గదా, ఆ కొప్పులూ, ఆ చీరలూ, ఏం సోకులే సామీ" అంటారు. అంతటితో సరి.

నాకు మండేది ఇక్కడే. ఓ పదేళ్లు తెలుగు సినిమాని ఏలిన మనిషి గురించి మనకి మిగిలిన జ్ఞాపకం కొప్పొకటేనా?

1948లో నెల్లూరులో పుట్టిన రత్నకుమారి. తెలుగు సినిమా అంతా మద్రాసులో ఉన్న రోజులు. చిన్నాచితకా వేషాలతో మొదలుపెట్టి, 1968లో 'సుఖదుఃఖాలు'తో జనం కళ్లలో పడింది. అదే ఏడాది తమిళంలో శివాజీ గణేశన్ సినిమా 'ఉయర్న్ద మనిదన్'. 1971లో 'దసరా బుల్లోడు', 'ప్రేమనగర్'. నష్టాల్లో ఉన్న రామానాయుడు గారి సంస్థని 'ప్రేమనగర్' నిలబెట్టిందని ఇండస్ట్రీలో అందరూ చెప్పే మాటే. ఆ సినిమాలో ఆవిడ పాత్ర లత గుర్తుందా? ఎయిర్ హోస్టెస్‌గా చేసి, తర్వాత సెక్రటరీగా చేరిన అమ్మాయి. తన జీతం మీద తను బతికే మనిషి. 1976లో 'సెక్రటరీ'లో జయంతి కూడా అంతే. ఇవాళ మన ఆఫీసుల్లో బ్యాడ్జి వేసుకుని తిరిగే అమ్మాయిలకి ముందు తరం బొమ్మని తెర మీద గీసిన వాళ్లలో ఈవిడ ముఖ్యురాలు. 1974లో 'కృష్ణవేణి' అయితే పేరు దగ్గర్నుంచీ ఆవిడదే, సినిమా మొత్తం ఆవిడ భుజాల మీదే నడిచింది.

1970ల చివర్లో పెళ్లయింది, తెరకి దూరమైంది. దాదాపు పదేళ్ల గ్యాప్. 1989లో 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు'తో తిరిగొచ్చింది. చిరంజీవికి అత్తగా. ఆయనకీ ఆవిడకీ తేడా ఏడేళ్లు!

ఇహ అసలు విషయం. ఆ ఒక్క సినిమాలో ఉన్న ముగ్గురినే తీసుకోండి. వాణిశ్రీ, చిరంజీవి, విజయశాంతి. ముగ్గురి కెరీర్లలోనూ పెద్ద గ్యాపులున్నాయి. వాణిశ్రీ సంగతి పైన చెప్పా. చిరంజీవి 2007 తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి, 2017లో 'ఖైదీ నంబర్ 150'తో మళ్లీ హీరోగానే వచ్చారు. అప్పటికి ఆయన వయసు 61. హీరోయిన్ కాజల్ అగర్వాల్, 31. విజయశాంతి, 'కర్తవ్యం'కి జాతీయ ఉత్తమ నటి అయిన మనిషి, రాజకీయాల నుంచి 2020లో 'సరిలేరు నీకెవ్వరు'తో వెనక్కి వచ్చింది. మహేష్ బాబు హీరో, ఈవిడ తల్లి పాత్ర.

అదే పరిశ్రమ, అవే గ్యాపులు. ఒకరికి పాత కుర్చీ దుమ్ము దులిపి పెట్టారు, ఇద్దరికి పక్క గదిలో స్టూలు వేశారు. నేను చిరంజీవిని తప్పుపట్టట్లేదు, ఆయన డాన్సుకి నేనూ ఈల వేసినవాణ్నే. నా గొడవ ఆ కుర్చీలు వేసేవాళ్లతో.

వెంటనే ఒక జవాబు వస్తుంది, "మార్కెట్ గురూ! జనం చూడరు." ఈ జవాబు చెప్పేవాళ్లకి 'జీవన జ్యోతి' ఒకసారి చూపించాలి. 1975, విశ్వనాథ్ సినిమా. వాణిశ్రీ ద్విపాత్రాభినయం, తల్లీ ఆవిడే, కూతురూ ఆవిడే. అప్పటికి ఆవిడకి ముప్పై కూడా లేవు. నెత్తికి తెల్లరంగు పూసుకుని పెద్దామెగా చేస్తే జనం చూశారు, ఏడ్చారు, అవార్డులు కూడా వచ్చాయి. అంటే వయసు మళ్లిన ఆడమనిషి కథ చూడ్డానికి జనానికి ఏ ఇబ్బందీ లేదు. ఆ వయసు నిజంగా వచ్చిన నటి కోసం అలాంటి కథ రాసేవాడే లేడు.

ఇంకో సాక్ష్యం, మా పైన ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి. 1984లో, అరవైకి దగ్గర పడుతున్న వయసులో 'మంగమ్మగారి మనవడు'. సినిమా పేరే మంగమ్మది, మనవడు తర్వాత. ఎలా ఆడిందో వేరే చెప్పక్కర్లేదు. రాస్తే చూస్తారు. అయితే భానుమతికి సొంత స్టూడియో, సొంత నిర్మాణ సంస్థ, ఎవడికీ జడవని నోరు ఉండేవి. అవి లేనివాళ్లు ఏం చెయ్యాలి మరి?

అటువైపు లెక్క కూడా చూద్దాం. 1972లో 'బడిపంతులు'లో రామారావుకి మనవరాలిగా వేసిన శ్రీదేవి, 1979కల్లా 'వేటగాడు'లో ఆయన పక్కన హీరోయిన్. ఆయన వయసు 56. 1981 'ప్రేమాభిషేకం'లో నాగేశ్వరరావు పక్కనా శ్రీదేవే. 'ప్రేమనగర్'లో వాణిశ్రీ ప్రేమించిన కళ్యాణ్ పదేళ్ల తర్వాత కూడా ప్రేమిస్తూనే ఉన్నాడు, లతని మాత్రం ఇంటికి పంపేశారు. జనానికి వయసుతోనే పేచీ అయితే ఈ సినిమాలెట్లా ఆడాయి?

ఇది కొత్త రోగం కూడా కాదు. సురభి నాటకాల నుంచి వచ్చిన కమలాబాయి 1932లో 'భక్త ప్రహ్లాద'లో లీలావతి, మన తొలి టాకీ నాయిక. 1951 'పాతాళ భైరవి'లో తోటరాముడి తల్లి. తల్లి వేషం తక్కువని కాదు. ఆ వయసులో వేరే తలుపు లేకపోవడమే తక్కువ.

వేరే తలుపు ఉండే చోట్లు ఉన్నాయా అంటే ఉన్నాయి. గ్రీసు వాళ్ల ఐరీన్ పాపాస్‌ని చూడండి. నాటకరంగంలో తయారై సినిమాకొచ్చిన మనిషి. 1962లో 'ఎలెక్ట్రా'. ఇక్కడ వాణిశ్రీ తెరకి దూరమయ్యే రోజుల్లోనే, 1977లో, యాభైకి దగ్గరపడిన పాపాస్ 'ఇఫిజీనియా'లో క్లైటెమ్నెస్ట్రాగా చేసింది. కూతుర్ని బలివ్వబోతున్న రాజుని నిలదీసే తల్లి. అదీ తల్లి పాత్రే! కానీ కథ ఆమె కోపాన్ని సీరియస్‌గా తీసుకుంటుంది. రెండున్నర వేల ఏళ్ల కిందట వాళ్ల నాటకకర్తలు నలభై దాటిన ఆడవాళ్లకి రాసిపెట్టిన ఆస్తి అది. మనం వాణిశ్రీకి రాసిచ్చిందేంటి? డబ్బూ అధికారం ఉన్న పొగరుబోతు ఆడది, చివర్లో కుర్రహీరో ఆమెకి బుద్ధి చెప్తాడు, హాలంతా చప్పట్లు. 1989లో అదే, 1990 'బొబ్బిలి రాజా'లో అదే, 1993 'అల్లరి అల్లుడు'లో మళ్లీ అదే. ఆవిడ చేసింది అద్భుతంగానే, కళ్లెగరేసిందంటే అవతలివాడు కనపడడు. ఆ ప్రతిభకి మనం పెట్టిన పని దెబ్బలు తినడం.

"నువ్వు సాఫ్ట్‌వేరోడివి, నీకెందుకు ఈ సినిమా గోల" అంటారా? అందుకేనండీ బాబూ చెప్తుంట. మన ఫ్లోర్ మీద లేడీ మేనేజర్ కాస్త గట్టిగా రివ్యూ చేస్తే వెనకాల ఆమెకి పెట్టే పేరేంటి? అత్త! ఎక్కడ నేర్చుకున్నాం ఆ మాట?

నేను కూర్చున్న ఇంటర్వ్యూ ప్యానెళ్లలో చూశాను. రెజ్యూమెలో నాలుగేళ్ల గ్యాప్. అబ్బాయిదైతే "స్టార్టప్ ట్రై చేశాడు, మంచి ఎక్స్‌పోజర్" అంటారు. ఆ స్టార్టప్ మూతపడి ఉంటుంది, అయినా ఎక్స్‌పోజరే. అమ్మాయిదైతే మొదటి ప్రశ్న "పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?". లీడ్‌గా వెళ్లిన మనిషికి జూనియర్ పోస్టు ఇచ్చి, దానికి రిటర్న్‌షిప్ అని ముద్దుపేరు పెట్టి, పోస్టర్ వేసి లైకులు కొట్టించుకుంటాం. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. సెలవు పెరిగింది సరే, తిరిగొచ్చాక కూర్చోబెట్టే కుర్చీ ఏదో చట్టం రాయలేదు. అది రాసేది ప్యానెల్లో కూర్చున్న మనమే. "టెక్నాలజీ మారిపోయింది కదా" అనకండి. పదేళ్ల తర్వాత చిరంజీవి వచ్చేసరికి సినిమా టెక్నాలజీ మారలేదా? ఆయనకి నేర్చుకునే టైమిచ్చారు, ఈమెకి ఇవ్వరు. తేడా అంతే.

నేను అడిగేవి రెండే. ఒకటి, మీ ప్యానెల్లో గ్యాప్ గురించి అబ్బాయిని ఏ ప్రశ్న అడుగుతారో అమ్మాయినీ అదే అడగండి, వదిలి వెళ్లిన లెవెల్ నుంచే మాట మొదలుపెట్టండి. రెండోది మా నెల్లూరోళ్లకి. అబ్బయ్యా, ఈసారి ఊరి గొప్పలు చెప్పేటప్పుడు వాణిశ్రీని లిస్టులో పైన పెట్టండి, చీరల గురించి కాదు, నటన గురించి. ఒక ఆదివారం కూర్చుని 'కృష్ణవేణి', 'జీవన జ్యోతి' వరసగా చూడండి. చూశాక కూడా కొప్పు ఒక్కటే కనపడితే, లోపం సినిమాలో లేదు, చూసే కళ్లలో ఉంది.